టోపీలంటే అంత చులకనా?

"ఇంప్రెషనిస్టులదేముంది బాసూ... గౌన్లూ, గొడుగులూ, టోపీలూ! డబ్బున్నోళ్ళ ఆడాళ్ళు షాపింగుకి పోతుంటే కూర్చుని బొమ్మలేశారు." ఈ ముక్క నేను ఇప్పటికి కనీసం ముగ్గురి నోట విన్నాను. ముగ్గురూ చదువుకున్నవాళ్ళే. ముగ్గురి డెస్కుల మీదా మోనే కలువపూల బొమ్మ ఉన్న కాఫీ కప్పులున్నాయి. పూలేస్తే గొప్ప కళట, గౌనేస్తే తేలికట. ఇదెక్కడి లెక్కో నాకైతే అర్థం కాదు.

వీళ్ళకి సరిగ్గా ఎదురు గట్టున ఇంకో బ్యాచ్ ఉంది. వీళ్ళు కొంచెం పుస్తకాలు తిరగేసిన బాపతు. "ఆ బొమ్మలన్నీ పెట్టుబడిదారీ వ్యవస్థకి ప్రకటనలు, వస్తువ్యామోహానికి రంగులద్దారు" అని తేల్చేస్తారు. చూడ్డానికి ఈ రెండు వర్గాలకీ చుక్కెదురులా ఉంటుంది గానీ, ఇద్దరికీ ఒక పోలిక ఉంది. ఇద్దరూ బొమ్మల వైపు చూడలేదు. టికెట్ చదవకుండానే "నా మెషీన్లో బాగానే పనిచేస్తోంది" అని మూసేసే డెవలపర్ని మీరు చూసే ఉంటారు. అదే వరస.

సరే, ముందు మొదటి బ్యాచ్ సంగతి చూద్దాం.

19వ శతాబ్దం మధ్యలో పారిస్‌లో ఏది పెద్ద బొమ్మ, ఏది చిన్న బొమ్మ అన్నది ఎవరికి వారు తేల్చుకునే విషయం కాదు. అకాడమీ వారి మెట్లుండేవి. పురాణాలు, చరిత్ర, యుద్ధాలు పై మెట్టు. ఆ తరవాతే మనుషుల పోర్ట్రెయిట్లు, రోజువారీ జీవితం, ప్రకృతి దృశ్యాలు. కింది మెట్టున పళ్ళూ, గిన్నెలూ. సాలోన్ అనే ప్రభుత్వ ప్రదర్శనలో బొమ్మ పడితేనే బతుకుతెరువు. ఆ సాలోన్ గోడమీదకి 1866లో పాతికేళ్ళ మోనే ఒక గౌను పట్టుకొచ్చాడు. అవును, గౌనే. బొమ్మ పేరు "కమీల్". ఆకుపచ్చా నలుపూ చారల పట్టు గౌను, పైన బొచ్చు అంచు ఉన్న కోటు. వేసుకున్నామె మనకి దాదాపు వీపు తిప్పి నడిచి వెళ్ళిపోతుంటుంది, మొహం పక్కకి తిప్పి. చెప్పుకోదగ్గది ఏమిటంటే సైజు: ఎత్తు 2 మీటర్ల 31 సెంటీమీటర్లు. ఆ సైజు రాజులకీ రాణులకీ రిజర్వేషన్. ఇంటిపేరు కూడా రాయని ఒక అమ్మాయి గౌనుకి ఆ సైజిచ్చాడు మోనే. జనం మెచ్చుకున్నారు కూడా.

ఆ ఊపులో మరుసటి ఏడాదికి ఇంకా పెద్దది మొదలెట్టాడు. "తోటలో స్త్రీలు", రెండున్నర మీటర్ల పైన ఎత్తు. స్టూడియోలో కాదు, ఆరుబయట ఎండలోనే వేస్తానని పట్టుబట్టి, కాన్వాసు పైభాగం అందక తోటలో గొయ్యి తవ్వించి, బొమ్మని అందులోకి దించుకుంటూ వేశాడు. తెల్లటి గౌన్ల మీద ఆకుల నీడలు నీలంగా పడుతుంటాయి. 1867లో సాలోన్ వాళ్ళు దీన్ని తిప్పికొట్టారు. పాపం, స్నేహితుడు బజీయ్ 2500 ఫ్రాంకులకి కొన్నాడు, నెలకి 50 ఫ్రాంకుల చొప్పున. మన భాషలో ఈఎమ్ఐ అన్నమాట. 1921లో అదే బొమ్మని ఫ్రెంచి ప్రభుత్వం 2 లక్షల ఫ్రాంకులిచ్చి కొనుక్కుంది. తేలిక విషయమట!

గౌనుని అంత సీరియస్‌గా ఎందుకు తీసుకున్నారు? ఎందుకంటే అది గడియారం. పురాణ పురుషుడికి కట్టే దుప్పటికి తారీఖు ఉండదు. ఎప్పటిదైనా కావచ్చు, అందుకే అది అకాడమీకి ముద్దు. ఒక గౌను చేతుల బిగువు చూస్తే, వెనకాల ఎత్తు చూస్తే, అది ఏ రెండు మూడేళ్ళదో చెప్పెయ్యొచ్చు. బోద్లేర్ 1863లో ఫిగారో పత్రికలో రాసిన వ్యాసంలో దాదాపు ఇదే వాదించాడు: అందంలో సగం శాశ్వతమైనది, మిగతా సగం ఆ పూట మాత్రమే ఉండేది, ఆ రెండో సగాన్ని తీసేస్తే మొదటిది మనకి అందదు అని.

దీనికి నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం రెన్వా "గొడుగులు". లండన్ నేషనల్ గ్యాలరీకీ డబ్లిన్‌కీ మధ్య వంతులవారీగా తిరిగే బొమ్మ అది. వానలో జనం, నీలం గొడుగులు. కుడిపక్కనున్న తల్లీ పిల్లల బట్టలు 1881 ప్రాంతపు ఫ్యాషన్. ఎడమపక్క బుట్ట పట్టుకుని, టోపీ లేకుండా, గొడుగు కూడా లేకుండా నడుస్తున్న అమ్మాయి గౌను 1885 నాటిది. రెన్వా బొమ్మని మొదలెట్టి, మధ్యలో వదిలేసి, మళ్ళీ కొన్నేళ్ళకి వచ్చి పూర్తిచేశాడు. ఈలోగా ఫ్యాషన్ మారిపోయింది, ఆయన చెయ్యి కూడా మారిపోయింది. కుడివైపు కుంచె మెత్తగా, ఈకలా ఉంటుంది. ఎడమవైపు గీతలు గట్టిగా, అంచులు కోసినట్టుంటాయి. ఒకే ఫైల్లో రెండు వెర్షన్లు మెర్జ్ చేసి కమిట్ కొట్టేసినట్టు! చరిత్రకారులకి ఏ ఉత్తరమూ, ఏ డైరీ అక్కర్లేకుండా ఆ తేడా పట్టించింది దర్జీపని.

రెన్వాకి దర్జీపని తెలియకపోవడమేం? వాళ్ళ నాన్న దర్జీ, అమ్మ కుట్టుపని మనిషి. టిస్సో వాళ్ళ నాన్న బట్టల వ్యాపారి, అమ్మ టోపీలు తయారుచేసేది. ఆ తరం పెయింటర్లలో గుడ్డని వేళ్ళతో పట్టుకుని నాణ్యం చెప్పగలిగిన ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. మనం "షాపింగ్ బొమ్మలు" అంటున్నవి వాళ్ళకి ఇంటి వృత్తి. ఇక సెజాన్‌ని చూడండి. యాపిల్ పళ్ళతో కళనే తిరగరాశాడని అందరూ దణ్ణం పెట్టే సెజాన్. ఆయన 1871లో "లా మోద్ ఇల్యుస్త్రే" అనే ఆడవాళ్ళ ఫ్యాషన్ పత్రికలో ప్లేట్లు ముందు పెట్టుకుని బొమ్మలేశాడు. కవి మలార్మే 1874లో ఒక ఫ్యాషన్ పత్రికే నడిపాడు, ఆడపేర్లతో వ్యాసాలన్నీ తనే రాసుకుని. వాళ్ళకి లేని నామోషీ మనకెందుకో!

ఇక్కడ అసలు నొప్పి గౌను మీద కాదని నా అనుమానం. అది వేసుకునే మనిషి మీద. "ఆడాళ్ళూ, షాపింగూ" అనగానే వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే జోకులున్నాయి చూడండి, అవి కొత్తవేం కాదు. పారిస్‌లో పెద్ద పెద్ద స్టోర్లు తెరిచిన కొత్తల్లోనే ఈ వెటకారం మొదలైంది. 1880లలో డాక్టర్లు స్టోర్లలో దొంగతనాల్ని ఆడవాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే మానసిక జబ్బుగా వర్గీకరించి మరీ రాశారు. అదే సమయంలో స్టాకు మార్కెట్లో మునిగిన మగాళ్ళకి మాత్రం ఏ జబ్బూ అంటగట్టలేదు.

పైపెచ్చు, పెద్ద విషయాల మీద బొమ్మలెయ్యమనడానికి ముందు ఆ పెద్ద విషయాల గేటు ఎవరికి తెరిచి ఉందో చూడాలి కదా. పారిస్‌లోని ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్‌లో ఆడవాళ్ళని 1897 దాకా చేర్చుకోలేదు. యుద్ధాలూ పురాణాలూ వెయ్యాలంటే నగ్న మోడల్‌ని చూసి శరీరం నేర్చుకోవాలి, ఆ క్లాసులోకి వీళ్ళకి ప్రవేశం లేదు. రాత్రిపూట కెఫేలో కూర్చుని స్కెచ్ గీసుకునే స్వేచ్ఛ లేదు. మరి బెర్త్ మోరిసో, మేరీ కసాట్, ఏవా గొన్జాలెస్ ఏం వేస్తారు? అలంకరణ అద్దం, థియేటర్ బాల్కనీ, గౌను కొలతలు, టోపీల కొట్టు. లాగిన్ ఇవ్వకుండా, "నీ కమిట్లేవీ కనపడవేం?" అన్నట్టుంది మన విమర్శ.

ఇప్పుడు రెండో బ్యాచ్. వీళ్ళతో నాకు గొడవ ఎక్కువ, ఎందుకంటే వీళ్ళు సగం కరెక్టు.

అది నిజంగానే కొత్త తరహా వ్యాపారం పుట్టిన కాలం. 1852లో అరిస్తీద్ బుసికో అనే ఆయన బొన్ మార్షే అనే బట్టల కొట్లో భాగస్వామిగా చేరాడు (టోపీలు అమ్మే ఆయన కొడుకు ఈయన. చూశారా, ఈ కథలో ఎటు తిరిగినా టోపీలే). అంతకుముందు సాధారణంగా కొట్లోకి అడుగుపెడితే ఏదో ఒకటి కొనక తప్పని మొహమాటం; ధర బేరాన్ని బట్టి. ఈయన ధర చీటీ మీద వేశాడు. ఊరికే చూసిపోవచ్చన్నాడు. నచ్చకపోతే వెనక్కిచ్చెయ్యమన్నాడు. తపాలాలో కేటలాగులు పంపాడు. ఇవన్నీ ఆయనొక్కడే కనిపెట్టాడని కాదు, కొన్ని అంతకుముందే అక్కడక్కడా ఉన్నాయి. అన్నిటినీ కలిపి ఒక యంత్రంలా నడిపింది మాత్రం ఆయన. 1869లో కొత్త భవనం మొదలైంది, తరవాత దాని ఇనుప చట్రం పనిలో ఐఫెల్ కంపెనీ కూడా చెయ్యేసింది. 1865లో ప్రెంతాన్ అనే ఇంకో పెద్ద స్టోరు వచ్చింది. మనం ఫోన్లో "ఈజీ రిటర్న్స్" అని చూసి మురిసిపోతున్నది 170 ఏళ్ళ నాటి ఫీచర్.

లోపల పనిచేసేవాళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది. మధ్యాహ్నం భోజనం కంపెనీదే. సాయంత్రం ఇంగ్లీషు క్లాసులు, సంగీతం క్లాసులు. 1876లో ప్రావిడెంట్ ఫండు. ఎక్కడో విన్నట్టుందా? జీతంలో పెద్ద భాగం అమ్మినదాన్ని బట్టి వచ్చే కమిషన్. పెళ్ళికాని అమ్మాయిలకి పై అంతస్తులో గదులు, రాత్రి ఇన్నింటికల్లా లోపలుండాలని రూలు. ఉద్యోగం తీసెయ్యడానికి మాత్రం నోటీసు అక్కర్లేదు. జోలా ఈ స్టోర్లలో తిరిగి, మనుషులతో మాట్లాడి, నోట్సు రాసుకుని 1883లో ఒక నవలే రాశాడు. అందులో వేసవి గిరాకీ తగ్గగానే వరసపెట్టి మనుషుల్ని పీకేసే ఘట్టం ఉంటుంది. దాన్ని చదివి మన ఫీల్డువాళ్ళు ఉలిక్కిపడకపోతే నన్నడగండి.

అయితే ఇక్కడే ఆ బ్యాచ్ వాదన కూలిపోతుంది. ఇంప్రెషనిస్టులు స్టోర్లకి ప్రకటనలు వేశారంటున్నారు కదా, మరి వాళ్ళు ఆ పెద్ద స్టోరు లోపలి భాగాన్ని దాదాపు వెయ్యనే లేదు! మానే వెయ్యలేదు, మోనే వెయ్యలేదు, దెగా వెయ్యలేదు. అంత వెలుగు, అంత జనం, అన్ని రంగులు ఉన్న చోటు. బొమ్మకి బంగారు గని లాంటిది. అయినా దూరంగా ఉన్నారు. లోపలికెళ్ళి వేసినవాడు తరవాతి తరం స్విస్ కుర్రాడు వాలొటన్: 1893లో ఒక చెక్కబొమ్మ, 1898లో మూడు పలకల బొమ్మ, రెండిటి పేరూ "బొన్ మార్షే"నే. ఆ చెక్కబొమ్మలో నల్లకోటు గుమాస్తాలూ, వాళ్ళ చేతుల్లోంచి జారే గుడ్డలూ. అది చూసి ఎవరైనా షాపింగుకి బయల్దేరతారని నేననుకోను.

ముందు తరం ఎందుకు వెయ్యలేదు? నా అంచనా ఇది. స్టోరు ఒక సిస్టమ్. సిస్టమ్‌ని బొమ్మ వెయ్యడం కష్టం, ఫ్లోచార్టే వస్తుంది. వాళ్ళకి కావలసింది ఇద్దరు మనుషుల మధ్య జరిగే వ్యవహారం: అమ్మే మనిషి, కొనే మనిషి, మధ్యలో ఒక బల్ల. అది చిన్న కొట్లోనే దొరుకుతుంది.

దెగా దగ్గరికి వద్దాం. ఈయన 1879 ప్రాంతం నుంచి దాదాపు ముప్ఫై ఏళ్ళపాటు టోపీల కొట్ల బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో 1882 నాటి పాస్టెల్ ఒకటుంది. నిలువుటద్దం ముందు ఒకావిడ టోపీ పెట్టుకుని చూసుకుంటోంది. మోడల్‌గా నిలబడింది పెయింటర్ మేరీ కసాటే. పక్కన కొట్లో పనిచేసే అమ్మాయి మరో రెండు టోపీలు పట్టుకుని నిలబడింది. ఆ అద్దం వెనకవైపు మనకి కనిపిస్తుంది, అది సరిగ్గా ఆ పనమ్మాయి మీదుగా నిలువునా దిగుతుంది. ఆమె మొహం మనకి కనపడదు. చేతులూ, టోపీలూ కనపడతాయి. అంతే. కొనే మనిషి తనని తాను చూసుకోడానికి పెట్టుకున్న అద్దం, అమ్మే మనిషిని మాయం చేసేసింది. దీన్ని ప్రకటన అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

ఒక కథ చెబుతారు. దెగా తన స్నేహితురాలు మదామ్ స్త్రౌస్ వెంట ఆవిడ బట్టల ట్రయల్స్‌కి వెళుతుండేవాడట. అక్కడ నీకేం ఆసక్తి అని ఆవిడ అడిగితే, గుండుసూదులు అందించే చిన్నపిల్ల ఎర్రటి చేతులు అన్నాడట. గౌను కాదు, ఆవిడా కాదు.

ఇంత చెప్పానని దెగాని దేవుణ్ణి చెయ్యబోవట్లేదు. ఆయన యూదు ద్వేషి. డ్రేఫస్ గొడవ రోజుల్లో చిన్ననాటి స్నేహితులైన హాలెవీ కుటుంబాన్ని కూడా వదిలేసుకున్నాడు. పైన చెప్పిన మదామ్ స్త్రౌస్ ఆ హాలెవీల ఆడపడుచే. ఎర్రటి చేతులు చూడగలిగిన కన్ను వేరేచోట్ల గుడ్డిదైంది. ఆ నిజం ఈ నిజాన్ని చెరపదు, ఇది దాన్నీ కడగదు. పక్కపక్కనే పెట్టుకుని చూడాల్సిందే.

కసాట్ 1890-91లో వేసిన పది రంగుల ప్రింట్లలో "కొలతలు" లాంటిది ఒకటుంది. ఒకావిడ నిలబడి గౌను సరిచేయించుకుంటోంది. దర్జీ మనిషి నేలమీద వంగి, అంచు పట్టుకుని ఉంది. అద్దంలో ఇంకోసారి నిలబడ్డావిడే కనిపిస్తుంది. వంగిన మనిషి మొహం ఇక్కడా లేదు. ఇది కాకతాళీయం కాదని నా నమ్మకం. వాళ్ళు చూసింది వేశారు.

టిస్సో ఇంకో అడుగు ముందుకేశాడు. "పారిస్‌లో స్త్రీ" అని పదిహేను బొమ్మల వరస వేసి 1885లో పారిస్‌లో, మరుసటి ఏడాది లండన్‌లో ప్రదర్శించాడు. అందులో "షాపు అమ్మాయి" ఇప్పుడు టొరంటోలో ఉంది. నల్లగౌను అమ్మాయి తలుపు తీసి పట్టుకుని, పొట్లం చేత్తో పట్టుకుని మన వైపు చూస్తోంది. మన వైపే! అంటే ఇప్పుడే రిబ్బన్లు కొనుక్కుని వెళ్ళిపోతున్నది మనమే. బల్ల మీద రిబ్బన్లు చిందరవందరగా, ఒకటి జారి నేలమీద పడింది. అది ఎవరు తీస్తారో వేరే చెప్పాలా? వెనకాల ఇంకో అమ్మాయి పై అర అందుకుంటోంది, వీధిలోంచి ఒక టోపీ మగాడు అద్దంలోంచి ఆమె వైపు తొంగి చూస్తున్నాడు. అతగాడు రిబ్బన్లు కొనడానికి రాలేదు. ఆ కిటికీలో ఏది సరుకో, ఎవరు సరుకో అతనికి తేడా లేదు. ఈ బొమ్మ ముందు నిలబడితే ఆ అమ్మాయి తలుపు పట్టుకుని మన వెళ్ళడం కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది, కొంచెం సిగ్గు కూడా వేస్తుంది.

మానే చివరి పెద్ద బొమ్మ, 1882 నాటి ఫోలీ-బెర్జేర్ బార్, కూడా కౌంటరే కదా. బార్ అమ్మాయి, పాలరాతి బల్ల, సీసాలు. బాస్ బీరు ఎర్ర త్రికోణం ముద్ర ఇప్పటికీ గుర్తుపట్టొచ్చు (బ్రిటన్ ట్రేడ్‌మార్క్ రిజిస్టర్లో ఒకటో నంబరు అదే, 1876). ఎడమ చివర ఒక సీసా లేబుల్ మీద ఉన్నది కంపెనీ పేరు కాదు, మానే సంతకం. తను కూడా అమ్మకానికున్న సరుకేనని తెలిసినవాడు పెట్టే సంతకం అది.

తెలియకేం? 1877లో సాలోన్ వాళ్ళు ఆయన "నానా"ని తిప్పికొడితే, ఆ బొమ్మని ఒక విలాస వస్తువుల కొట్టు కిటికీలో పెట్టి చూపించారు. ఆ కొట్టున్నది కపుసీన్ బులవార్డులో. 1874లో మొదటి ఇంప్రెషనిస్టు ప్రదర్శన జరిగింది కూడా ఆ బులవార్డులోనే, 35వ నంబరులో, నాదార్ పాత ఫోటో స్టూడియోలో. అంటే షాపింగ్ వీధిలో వీళ్ళే ఒక కొట్టు తెరిచారు. జనం టికెట్టు కొని వచ్చి, చూసి, నవ్వి, కొనకుండా పోయారు. కౌంటరుకి ఇవతల నిలబడటం ఎలా ఉంటుందో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే అవి కొనేవాళ్ళ వైపునుంచి వేసిన బొమ్మలని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నిజంగా తప్పుపట్టాలనుకుంటే, ఆ బొమ్మల్లో కనిపించని దాన్ని పట్టుకుని తప్పుపట్టండి, నేనూ మీతో వస్తాను. ఉదాహరణకి శాలువా. 1806లో ఎంగ్ర్ వేసిన మదామ్ రివియేర్ నుంచి 1860లలో ఆల్ఫ్రెడ్ స్టీవెన్స్ వేసిన పారిస్ ఆడవాళ్ళ దాకా భుజాల మీద కాశ్మీరు శాలువాలే. పెళ్ళికి వరుడిచ్చే కానుకల్లో అది ఉండాల్సిందే. ఫ్రెంచి బొమ్మల్లో ఆ శాలువా మడతలు అరవై ఏళ్ళు అద్భుతంగా పడ్డాయి. ఆ తరవాత 1870-71లో ప్రష్యాతో యుద్ధం, పైగా గౌను వెనకాల ఎత్తుగా లేపే ఫ్యాషన్ వచ్చింది. అంత పని చేసిన గౌను మీద శాలువా కప్పితే ఏం కనపడుతుంది? కొనడం ఆగిపోయింది. పారిస్‌లో అది ఒక సీజన్ మార్పు. శ్రీనగర్‌లో నేతగాళ్ళ మగ్గాలు ఆగిపోయాయి, ఆ వెంటనే 1877-79 కరువు వాళ్ళని ఊడ్చేసింది. ఈ రెండో సగం ఏ సాలోన్ గోడ మీదా లేదు. ఇంకా వెనక్కెళ్తే, మన బందరు లాంటి రేవుల నుంచి వెళ్ళిన అద్దకం బట్టల్ని ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా నిషేధించింది, స్వదేశీ పట్టు, ఉన్ని వ్యాపారులు గోల పెట్టారని. ఫ్యాషన్ తేలిక విషయమైతే దానికోసం చట్టాలెందుకు చేస్తారు మహాశయా?

చట్టం అంటే గుర్తొచ్చింది. పైన చెప్పిన బొమ్మల్లో కొట్టు అమ్మాయిలు ఎప్పుడూ నిలబడే ఉంటారు, గమనించారా? అది కూర్పు కోసం కాదు. కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. 1900 డిసెంబర్ 29న ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది: కొట్లలో పనిచేసే ఆడవాళ్ళకి తలా ఒక కుర్చీ ఉండాలి అని. కుర్చీ కోసం పార్లమెంటు దాకా వెళ్ళాల్సొచ్చింది. వారానికి ఒకరోజు సెలవు చట్టం 1906లో గానీ రాలేదు. మనకి ఇది పాతకథలా వినిపిస్తే, కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ షాపుల చట్టాలు సవరించి కుర్చీ హక్కు ఇచ్చాయని గుర్తుచేసుకోండి. రోజంతా నిలబడి మన ముందు చీరలు పరిచేవాళ్ళని మనం ఏ అద్దం వెనక పెట్టామో కూడా ఒకసారి చూసుకుంటే మంచిది.

చివరగా షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోని దెగా బొమ్మ గురించి ఒక్కమాట, ఎందుకంటే దీనిమీద పండితుల్లోనే తగాదా ఉంది. పేరు "టోపీల దుకాణం", 1879-86 మధ్య వేశాడు. బల్ల నిండా స్టాండ్ల మీద టోపీలు. అవి పూలతోటలా ఉంటాయి. ఒక అమ్మాయి ఓ మూలకి ఒదిగి కూర్చుని, ఒక టోపీని చేత్తో ఎత్తి పట్టుకుని చూస్తోంది. చేతులకి తొడుగులున్నాయి. ఈమె కొనేదా, చేసేదా? ఎక్స్‌రే తీసి చూస్తే, మొదట దెగా ఈమెని కొనడానికొచ్చిన మనిషిగానే మొదలెట్టాడని తేలింది. తరవాత గీకి, మళ్ళీ వేసి మార్చాడు. చేతి తొడుగుల్ని చూపించి ఇప్పటికీ ఈమె గిరాకీయే అనేవాళ్ళున్నారు. ఖరీదైన గుడ్డ మాసిపోకుండా పనివాళ్ళూ తొడుగులు వేసుకుంటారనేవాళ్ళూ ఉన్నారు.

మా మేనత్త ముప్ఫై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. పండగ ముందు రాత్రుళ్ళు హుక్కులు కుడుతూ, సూది పెదాల మధ్య బిగబట్టి, జాకెట్టుని దీపానికి ఎదురుగా ఎత్తి, కొంచెం వెనక్కి వాలి చూసేది. షికాగోలో ఆ బొమ్మ ముందు నిలబడి ఆ అమ్మాయి నోరు చూడండి. పెదాలు ముడిచి బిగబట్టి ఉంటాయి, మధ్యలో గుండుసూది ఉన్నట్టు. వాలిన తీరు కూడా అదే. టోపీ కొనడానికొచ్చిన మనిషి నోట్లో గుండుసూది ఎందుకు పెట్టుకుంటుందో, గిరాకీ అనేవాళ్ళు ఎవరైనా నాకు చెప్పాలి.